లోడు మీద మనిషి

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం మా ఇంట్లో పొయ్యి పక్కనే కూర్చునేది, దానికి రోజూ కాస్త అన్నం కూడా పెట్టేదాన్ని. కిరాణా కొట్టులో తూకం వేస్తుంటే నా చూపు కందిపప్పు మీద ఉండేది కాదు, కొట్టువాడి బొటనవేలి మీద ఉండేది. పాలు పోసే మనిషి అడక్కుండానే నవ్విందంటే ఆ పూట నీళ్ళు ఎక్కువ పడ్డాయని నా లెక్క. నమ్మి చెడినవాళ్ళు లేరని మా అమ్మ అనేది. మా అమ్మ ఎప్పుడూ మిర్చి పండించి ఖమ్మం పంపలేదు, అందుకని అలా అనగలిగింది.

ఇంత అనుమానపు మనిషినైనా నేను అనుమానించనివాడు ఒక్కడుండేవాడు. మా ఆయన. ఆయనేదో మహానుభావుడని కాదు. అబద్ధం ఆడటం చేతకాదు, అంతే. చాటుగా బీడీ కాల్చి వస్తే వాసనకంటే ముందు ఆయన చెవులే చెప్పేసేవి, ఎర్రగా కందిపోయి. అలాంటి మనిషిని మా ఊరు ఒక ఏడు దొంగని చేసి నిలబెట్టింది. ఇన్నేళ్ళయినా ఆ మాట తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

జూలూరుపాడు దాటి లోపలికి పోతే అడవి మొదలయ్యే చోట మా ఊరు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. ఊళ్ళో రెండు మూడు ఉండేవి కానీ సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లు సగం దాకా ఎక్కాలి. ఎవరైనా మెట్లెక్కి గట్టిగా మాట్లాడితే ఊరంతటికీ వాళ్ళ సంగతి తెలిసేది. మిర్చి రేటు మాకు అలాగే తెలిసేది.

మిరపకాయ కోసి ఎండబెట్టే రోజుల్లో అందరూ ఒకేసారి మార్కెట్టుకు తెస్తారు కదా, అప్పుడు రేటు నేలమీద ఉంటుంది. అందుకని ఉన్నంతలో తట్టుకోగలిగినవాళ్ళం ఖమ్మంలో కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని వానలు వెనకపట్టాక అమ్మేవాళ్ళం. ఒక్క ఇంటి పంటకు లారీ నిండదు. ఊరంతా కలిసి ఒక లారీ మాట్లాడుకునేవాళ్ళు. ఆ లారీ మీద ఊరి తరఫున ఒకే ఒక మనిషి పోవాలని మా ఊరి కట్టు. లారీ ఎక్కించిన దగ్గర్నుంచి కోల్డ్ స్టోరేజీలో చివరి బస్తా అరల్లోకి చేరేదాకా ఆ సరుకంతా ఆయన పూచీ. దానికి కూలి లేదు, టీ కూడా గుర్తుంటేనే తాగిస్తారు. ఆయన్నే లోడు మనిషి అనేవాళ్ళు.

చాలా ఏళ్ళు ఆ లోడు మనిషి మా ఆయనే. మిర్చి లోడు మీద కూర్చోవడం ఏమంత సుఖం కాదు. కింద నుంచి ఘాటు, పైన ఎండ. ఖమ్మం చేరేసరికి కళ్ళు చింతనిప్పులు, ఒళ్ళంతా మంట, తుమ్ములు ఆగవు. అడవి చెక్‌పోస్టు దగ్గర బస్తాల కింద టేకు దుంగ దాచారేమోనని ఇనప చువ్వలు గుచ్చి చూసేవాళ్ళు, వాళ్ళతోనూ ఓపికగా మాట్లాడాలి. ఇంటికొచ్చాక రెండు బకెట్ల నీళ్ళు పోసుకున్నా ఆయన దగ్గర పడుకుంటే నాకు తుమ్ములొచ్చేవి. అయినా లారీ వచ్చిందంటే చాలు, ఆయన ముఖం వెలిగిపోయేది. తన పొలం చిన్నది, తన మాట ఊళ్ళో పెద్దగా చెల్లేది కాదు. ఏడాదికొక్కసారి ఊరి పంటంతా తన కిందపెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని అంత ఎత్తున కూర్చుని పోతుంటే పిల్లలు వెంట పరుగెత్తేవాళ్ళు. ఆయనకు ఆ ఒక్కరోజు చాలు.

బస్తాలు నింపడం మగవాళ్ళ పని. ఒకరు బస్తాలోకి దిగి కాళ్ళతో తొక్కుతుంటే ఇంకొకరు పైనుంచి కాయ పోస్తారు. మూతి కుట్టడం మాత్రం ఆడవాళ్ళది. దబ్బనంలో పురికొస ఎక్కించి, దానితోబాటు పాత చీర అంచు పేలిక కూడా కలిపి కుట్టేవాళ్ళం. బస్తా మీద రంగుతో రాసిన అక్షరాన్ని ఎవడైనా మళ్ళీ రాయగలడు. మా కుట్టు మాత్రం ఎవరిది వాళ్ళకే చేతనవుతుంది. ఒకామె ముడి లోపలికి దాస్తుంది, ఒకామె రెండేసి కుట్లు వేస్తుంది, ఇంకొకామె తొందర మనిషి, కుట్టుకీ కుట్టుకీ మధ్య వేలు దూరుతుంది. ఎవరి కుట్టు వాళ్ళు కళ్ళు మూసుకుని తడిమినా చెప్పేస్తారు. మగవాళ్ళకు ఈ సంగతి తెలియదు. వాళ్ళకు కుట్టు అంటే కుట్టే.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లోనే ఖమ్మం నుంచి కబురొచ్చింది, కోల్డ్ స్టోరేజీలు నిండిపోతున్నాయి, లారీలు రోడ్డు మీద బారులు తీరాయని. మా ఆయన పోయి, జాగా మాట్లాడి, లారీ కూడా మాట్లాడుకుని రాత్రి ఊరు పడుకున్నాక వచ్చాడు. ఎల్లుండి తెల్లారేసరికి లారీ వస్తుందన్నాడు. తాను మళ్ళీ లోడు మీద పోవాలి కాబట్టి మా కాయ ముందే నింపేద్దామని ఆ వేకువనే నన్ను లేపాడు. అడవి అంచు కదా, ఆ రోజుల్లోనూ మంచు పడుతుంది. మంచు పదునుకు ఎండుకాయ మెత్తబడి, తొక్కినా పగలకుండా బస్తాలో సర్దుకుంటుంది. ఎండెక్కేలోపల మా పని అయిపోయింది, నేను మూతులు కూడా కుట్టేశాను.

మిగిలిన ఊరు పొద్దున మా ఆయన ఇంటింటికీ చెప్పాక తాపీగా లేచింది. వాళ్ళు కల్లాల్లోకి దిగేసరికి ఎండ పెళపెళలాడుతోంది. ఆ ఎండకు కాయ గలగలమని అప్పడంలా విరుగుతుంది. విరిగిన కాయకు రేటు రాదు. మంచుకోసం మళ్ళీ వేకువదాకా ఆగితే లారీ పోతుంది. అప్పుడేం చేయాలి? నీళ్ళు చల్లాలి. నీళ్ళు చల్లడం కొత్తేమీ కాదు, చేత్తో అలా చిలకరించి గోనెపట్టాలు కప్పి కాసేపు ఉంచితే పర్వాలేదు. ఆ రోజు మాత్రం బోరింగు దగ్గర బిందెల వరుస చూశాను నేను. తాగడానికి అన్ని బిందెలు ఎవరింట్లోనూ పట్టరు.

మా పక్కింటామె కూడా ఆ వరుసలో ఉంది. ఆమెకూ నాకూ అప్పటికి మాటల్లేవు. నా కోడిపెట్ట ఒకటి మాయమైతే ఆమె ఇంటి వెనక ఈకలు కనిపించాయి. ఆ ఈకలు నావేనని నేనన్నాను, ఈకలకు పేరు రాసి ఉంటుందా అని ఆమె అంది. అప్పట్నుంచి గోడకు అటూ ఇటూ ఉండి కూడా ముఖాలు చూసుకునేవాళ్ళం కాదు. మా చిన్నమామకు, అంటే మా మామగారి తమ్ముడికి, ఊళ్ళో అందరికంటే పెద్ద మిర్చి తోట. లారీలో ఎక్కువ బస్తాలు ఆయనవే. వాళ్ళ కల్లంలో బిందెలతో కాదు, డ్రమ్ముతోనే పోశారు. నా స్నేహితురాలొకామె ఉండేది, నేను ఊరెళ్తే తాళంచెవి ఇచ్చి వెళ్ళేంత నమ్మకం ఆమె మీద. ఆమె బిందె ఎత్తుకుంటూ నన్ను చూసి, చూడనట్టు అటు తిరిగింది.

మర్నాడు తెల్లారి లారీ ఎక్కిస్తుంటే మా ఆయనతో చెప్పాను.

"బస్తాలు మస్తు బరువున్నయ్. నీళ్ళు బాగ పోసిన్రు. వద్దను."

"మోసేటోడు హమాలీ. నీకేందే బరువు?" అని నవ్వి లోడు ఎక్కేశాడు.

ఖమ్మం నుంచి తిరిగొచ్చాక ఆయన లుంగీ ఉతుకుతుంటే కూర్చున్నచోట ఎర్రటి మరక. పొడి బస్తా మీద కూర్చుంటే రంగు అంటదు. నేను ఆ లుంగీ ఆయన ముందు పెడితే, "ఉతుకు" అన్నాడు.

వానలు పడ్డాయి, వెనకపట్టాయి. ట్యాంకు మెట్ల మీద నుంచి రేటు పెరిగిందన్న కేక వినబడింది. చిన్నమామా, మా ఆయనా కలిసి సరుకు చూసి రావడానికి ఖమ్మం పోయారు. చూడటమంటే మూతి విప్పరు. బస్తా పక్కన చిన్న చిల్లు చేసి గుప్పెడు కాయ లాగి చూస్తారు. సాయంత్రం బస్సు దిగి మా ఆయన ఇంట్లోకి వస్తుంటేనే ఏదో జరిగిందని తెలిసిపోయింది. భుజం మీద తువ్వాలుకు రెండు చివర్లా రెండు మూటలు కట్టుకొచ్చాడు. ఒకటి విప్పాడు. నల్లబడ్డ కాయ, మీద తెల్లగా బూజు, గుప్పున ముక్కిపోయిన వాసన. ఇంకోటి విప్పాడు. మేం కల్లంలో ఎత్తినప్పుడు ఎలా ఉందో అలాగే, ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది.

"ఇదెవరిది?" అన్నాను నల్లదాన్ని చూపించి.

"అందరిది."

"మరిదో?"

"మనది."

ఊరందరి సరుకూ కుళ్ళి, లోడు మీద పోయినవాడిది ఒక్కడిదే బాగుంటే దాని అర్థమేమిటో అనుమానం అలవాటున్న నాకు చప్పున తెలిసింది. ఆ రెండో మూట ఎవరికీ చూపించొద్దని చెప్పాను. అప్పటికే బస్సులో చిన్నమామకు విప్పి చూపించాడట, మన అదృష్టం చూడు చిన్నాయనా అని సంతోషపడుతూ. ఇలాంటి మనిషిని పెట్టుకుని కాపురం చేయడం ఎంత కష్టమో అనుభవిస్తే కానీ తెలియదు.

మొదటి రెండు రోజులూ ఊరి అనుమానం కోల్డ్ స్టోరేజీ మీద పడింది. మంచి కాయ మార్చేసి కుళ్ళు కాయ పెట్టారన్నారు. అక్కడివాళ్ళు, మూతి కుట్టు ఊడలేదు, మీరు ఏది పెడితే అదే చల్లగా ఉంచాం అన్నారు. తర్వాత లారీ డ్రైవరు మీద పడింది. దారిలో టీకి ఆపాడా లేదా అని పెద్ద చర్చ. ఆపాడు, అందరూ ఆపుతారు. టీ తాగే సమయంలో అన్ని బస్తాల కాయ మార్చాలంటే వాడికి ఎన్ని చేతులుండాలో ఎవరూ ఆలోచించలేదు. చివరికి టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారట, "లారీ మీద ఎవడున్నడు మరి?" అని. అనుమానం తిరిగి తిరిగి మా గుమ్మం దగ్గరకొచ్చి కూర్చుంది.

ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది, నాకు నోరుంది. మా ఆయన టీ కొట్టుకు పోతే మాటలు ఆగిపోయేవి. బోరింగు దగ్గర నేను బిందె పెడితే మిగిలిన బిందెలు పక్కకు జరిగేవి. ఒకాయన పలుపుతాడు కావాలని వచ్చి మా పశువుల కొట్టంలో గడ్డి కిందికి కూడా చూసిపోయాడు, అక్కడ మిర్చి బస్తాలు దాచామేమోనని. ఇంకొకాయన మా ఇంటికప్పు వైపు చూస్తూ, "రేకులు కొత్తవా?" అన్నాడు. ఆ రేకులు అప్పటికే తుప్పుపట్టాయి. కారేపల్లి దగ్గర బస్తాలు దించారని ఒకరు, కాదు మధిర వ్యాపారి వచ్చి రోడ్డు మీదే ఎత్తుకుపోయాడని ఇంకొకరు. మధిర ఏ మూల, మా దారి ఏ మూల!

అన్నిటికంటే నన్ను కాల్చింది ఒకటే మాట. "అందరికంటే ముందు తనది నింపుకున్నడు గద, అప్పుడే అనుకున్న" అని చిన్నమామ అన్నాడట. వేకువనే లేచి మంచులో పని చేసుకోవడం కూడా నేరమైంది. చిన్నప్పుడు తాను ఎత్తుకు తిప్పిన పిల్లవాడి గురించి అన్నాడు ఆ మాట.

"నీళ్ళు పోసిన్రని నువ్వు చెప్పొచ్చు గద," అని రోజూ పోరేదాన్ని.

"నేను చెప్తే ఎవడు నమ్ముతడే? తప్పించుకోనీకె మనమీదికి తోస్తుండు అంటరు. ఇంకోటి, ఒకరింటి కల్లంల చూసింది ఇంకోరింట్ల చెప్తే వాడు లోడు మనిషి ఎట్లయితడు?"

అంత జరిగినా ఆయన ఇంకా తనను లోడు మనిషిననే అనుకుంటున్నాడు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు. ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని మెల్లిగా అడిగాడు, "మా అక్క కాడికి పోదామా? ఆడ ఏదన్న పని దొరకదా?" అని. వాళ్ళక్క ఉండేది కారేపల్లిలో. ఈ మట్టిలో పుట్టి పెరిగిన మనిషి పొలం వదిలి, ఇల్లు వదిలి కూలికి పోదామంటున్నాడు. పంట పోతే మళ్ళీ ఏడు వస్తుంది. దొంగ అన్న పేరు వస్తే మా ఊళ్ళో శుభానికి పిలవరు, చావుకు పాడె మోయనివ్వరు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, తర్వాత ముక్కు చీది, ఎక్కడికీ పోయేది లేదని చెప్పాను.

పంచాయితీ పెట్టారు. ఇంటికో బస్తా చొప్పున ట్రాక్టర్ మీద తెప్పించి బడి అరుగు ముందు వరసగా నిలబెట్టారు. మా బస్తా కూడా. చుట్టూ మగవాళ్ళు. బస్తాల పక్క చిల్లుల్లోంచి ఆ ముక్కవాసన ఊరంతా కొడుతోంది. ఆడవాళ్ళను పిలవలేదు, పిలిచే అలవాటు లేదు. నేను పిలవకుండానే వెళ్ళి గోడవారన నిలబడ్డాను.

చిన్నమామ ఎక్కువ మాట్లాడలేదు. "ముత్యాలమ్మ గుడి ముందర తడిబట్టలతోని ప్రమాణం చెయ్. చేస్తే అయిపోయింది," అన్నాడు.

"చేస్త," అన్నాడు మా ఆయన. ఆయన చెవులు మామూలుగానే ఉన్నాయి. అది నాకొక్కదానికే తెలుసు, సాక్ష్యంగా పనికిరాదు.

ప్రమాణం చేసినా మా ఊరు నమ్మదని నాకు తెలుసు. చేసినవాడికి రేపు కాలు బెణికినా, అమ్మవారు చూపించిందంటారు. అలా ఏడాదంతా మా ఇంట్లో ఎవరికి జ్వరమొస్తుందా అని కాచుకుని కూర్చుంటారు. గోడవార నుంచి ముందుకొచ్చాను.

"ప్రమాణం తర్వాత మామా. ముందుగాల మీ ఆడోళ్ళను పిలువు."

"పంచాయితీల ఆడోళ్ళకేంది పని?"

"మూతులు కుట్టింది వాళ్ళే గద. కుట్టు తమదో కాదో చూసి చెప్పమను. తమది కాదంటే ఎవడో విప్పి మార్చినట్టు. ఆ దొంగ మా ఆయనే అనుకోండ్రి, ప్రమాణం గూడ అక్కర్లేదు. తమదే అంటే మాత్రం బస్తా మీ ఇంట్ల ఎట్ల కుట్టిన్రో అట్లనే ఉంది. లోపలున్నది మీరు పోసిందే."

ఇది కాదనడానికి వాళ్ళకు కారణం దొరకలేదు. చిన్నమామ తల ఊపాడు. ఇళ్ళకు కబురు పోయింది.

మొదట వచ్చింది నా స్నేహితురాలు. నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ బస్తా మూతికి కుట్టిన పసుపు అంచు పేలిక నా చీరదే, ఆ రోజు అడిగితే నేనే చింపి ఇచ్చాను. ఆమె వంగి, వేలితో ముడి తడిమింది. తల ఎత్తి వాళ్ళాయన వైపు చూసింది. మళ్ళీ బస్తా వైపు చూసింది.

"నాది కాదు," అంది.

ఆ పేలిక నా చీరదని నేనంటే, దొంగ పెళ్ళాం అలాగే అంటుందనేవాళ్ళు. తర్వాతామె, "గుర్తుపడతలేనయ్యా," అంది. ఆ తర్వాతామె తడమను కూడా తడమలేదు, కాదని తల ఊపి ముసుగు సర్దుకుని వెళ్ళిపోయింది. చిన్నత్త, అంటే చిన్నమామ భార్య, వచ్చి భర్త పక్కన నిలబడింది. ఆయనే చెప్పాడు, "మాది గాదు" అని. ఆమె నోరు తెరిచే అవసరమే లేకపోయింది. నేనే తవ్విన గోతిలోకి మా ఆయన్ని నేనే తోసినట్టయింది. ఆయన మాత్రం నా వైపు చూసి, పర్వాలేదులే అన్నట్టు చెయ్యి ఊపాడు.

మా పక్కింటామె అందరికంటే చివర వచ్చింది. చేతులకు పేడ, గొడ్ల దగ్గర్నుంచి అలాగే వచ్చినట్టుంది. ఆమెను చూడగానే నాకున్న కాస్త ఆశ కూడా చచ్చింది. స్నేహితులే కాదన్నాక, శత్రువు ఏమంటుంది? చేతులు కొంగుకు తుడుచుకుని, బస్తా ముందు గొంతుక్కూర్చుంది. తీరిగ్గా ఈ చివర నుంచి ఆ చివరిదాకా కుట్టంతా చూసింది.

"ఇది నా కుట్టే," అంది.

వాళ్ళాయన గొంతు సవరించుకున్నాడు. "మంచిగ చూడు. తొందరపడకు."

"మంచిగనే చూసిన. కుట్లన్ని ఎడమ దిక్కుకు వాలినయ్ చూడు. ఎడమ చేత్తోని కుట్టేది ఈ ఊళ్ళ నేనొక్కదాన్నే. ఇది మన బస్తానే. లోపలున్నది మన కాయనే."

"మరెట్ల కుళ్ళిందే?"

"ఎట్లనా? నువ్వు తొక్కుతుంటే నేను నీళ్ళు పోయలేదా? ఇంక పోయ్, ఇంక పోయ్ అన్లేదా నువ్వు? మనమొక్కలమే గాదు, ఇంటింటికి పోసిన్రు. బోరింగు కాడ బిందెలు నేను చూడలేదా? పోసింది మనం, దొంగ ఈయననా?"

ఆమె లేచి, చీరకంటిన దుమ్ము దులుపుకుని, నా వైపు చూడకుండానే ఇంటికి పోయింది. వాళ్ళాయన తల దించుకుని వెనకాలే పోయాడు. ఆ సాయంత్రం వాళ్ళింట్లోంచి అరుపులు వినబడ్డాయి. నేను గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను కానీ ఏం మాట్లాడాలో తెలియక తిరిగొచ్చేశాను.

పంచాయితీలో ఇంకెవరూ ఏమీ ఒప్పుకోలేదు. చిన్నమామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "సరే తియ్, అయ్యిందేదో అయ్యింది," అన్నాడు. ఎవరి బస్తా వాళ్ళు మోసుకుపోయారు, నాది కాదన్నవాళ్ళు కూడా, ఏ ఒక్కరూ పొరపాటున పక్కవాళ్ళ బస్తా తీసుకోకుండా. మా ఆయనతో ఒక్కరంటే ఒక్కరు తప్పైందని అనలేదు. నా స్నేహితురాలు తర్వాత ఒకసారి వచ్చి, "మా ఇంటాయన చూస్తుంటే ఏం చేయనక్కా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మంచినీళ్ళిచ్చి పంపాను. తాళంచెవి మళ్ళీ ఇవ్వలేదు.

మళ్ళీ ఏడు మిర్చి వచ్చింది. ఈసారి అందరూ మంచు పదునుకే నింపారు. ఎవరూ ఎవరితోనూ దాని గురించి మాట్లాడలేదు. లారీ వచ్చిన పొద్దున చిన్నమామ ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "ఏడున్నవ్ రా అబ్బాయ్, లారీ వచ్చింది" అన్నాడు, ఏమీ జరగనట్టు. మా ఆయన లోపల గదిలో ఉన్నాడు. నేను వెళితే గోడవైపు తిరిగి కూర్చుని, "కడుపునొస్తుందని చెప్పు," అన్నాడు.

నేను బయటకొచ్చి చెప్పాను. "కడుపునొప్పి లేదు, ఏం లేదు. ఆయన రాడు మామా. మీ బస్తాల మీద మీరే కూసోండ్రి."

కూర్చున్నారు మరి. ఎవరిని నమ్మి ఎవరిని పంపాలో తేల్చుకోలేక ఇంటికొకరు ఎక్కారు. ఎవరి బస్తాల మీద వాళ్ళు, ఒకరినొకరు చూసుకుంటూ. ఆ లారీ మూలమలుపు తిరిగి చెట్లలో కలిసిపోయాక కూడా దాని చప్పుడు కాసేపు వినబడింది. మా ఆయన గదిలోంచి రాలేదు. మా బస్తాలు అరుగు మీదే ఉన్నాయి. వాటిని ఎలా పంపాలో, ఎవరితో పంపాలో నాకు తోచలేదు. కోపంలో అన్న మాటకు బస్తాలు నడిచిపోవు కదా.

కాసేపటికి వీధిలో ఎడ్లబండి ఆగింది. పక్కింటామె. అంత దగ్గరి ఇంటికి బండి కట్టుకుని వచ్చింది. వాళ్ళాయన బస్తాలు ఒక్కొక్కటే దించి మా అరుగు మీద, మా బస్తాల పక్కన పెట్టాడు. అన్నీ మూతులు తెరిచే ఉన్నాయి. పైకి ఎర్రటి కాయ కనిపిస్తోంది. లారీ మీద మీ సరుకు ఎక్కించలేదా అని అడగబోయాను. అన్ని రోజులు మాటలు లేకపోయేసరికి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"మూతులు కుట్టలేదేంది?" అన్నాను చివరికి.

"నీకు అనుమానం ఎక్కువ గద వదినా. నీళ్ళున్నయో లేవో చెయ్యి పెట్టి చూసుకొని నువ్వే కుట్టు. మీ ఆయన ఎప్పుడు పోతే మావి అప్పుడే పోతయ్. అప్పటిదాక నీ కాడనే ఉండనీ."

అంతే చెప్పి బండి తిప్పించుకుని పోయింది. ఆమె పంటంతా మూతి తెరిచి నా అరుగు మీద వదిలేసి పోయింది, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేను చెయ్యి పెట్టలేదు. పెట్టాలనిపించలేదు.

గది తలుపు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో, ఎంత విన్నాడో తెలియదు. ఆ బస్తాల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కొక్కేనికున్న చొక్కా తీసుకుని తొడుక్కుంటూ, "ట్యాంకు ఎక్కి ఫోను చేసొస్త. చిన్న బండన్న దొరుకుతదేమో," అన్నాడు.